నొప్పికో చీటీ, బీపీకో చీటీ

గుడియాత్తం చుట్టుపక్కల పల్లెల్లో యాభై దాటిన మనిషి ఉన్న ఇంట్లో మందుల సంచి విప్పితే చాలా చోట్ల రెండు రకాల మాత్రలు కనిపిస్తాయి. ఒకటి బీపీది. అది సర్కారు ఆసుపత్రి నుంచి వచ్చింది. దానికి పుస్తకం ఉంటుంది, తేదీలుంటాయి, పోయిన నెల బీపీ ఎంత ఉందో రాసిన అంకెలుంటాయి. రెండోది నొప్పిది. దానికి చీటీ లేదు. మందుల అంగడికి పోయి "అన్నా, మోకాలి నొప్పికి నాలుగు మాత్రలియ్యి" అంటే అట్ట కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చినవి. డాక్టరమ్మ "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బీపీ పుస్తకం చూపిస్తారు, ఈ పొట్లం మాట ఎత్తరు. నొప్పి మాత్రను మందుగా లెక్కపెట్టే అలవాటే మనకు లేదు.

లెక్కపెట్టాలి. బీపీ మాత్ర కష్టపడి దించినదాన్ని నొప్పి మాత్ర మళ్ళీ ఎక్కించగలదు. అలాగని నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటూ పోయినా బీపీ పెరుగుతుంది. మందు వేసుకున్నా చిక్కే, మానుకున్నా చిక్కే అనిపించే ఈ సంగతి మీద గత యాభై ఏళ్ళలో చాలా పరిశోధన జరిగింది. అందులో గట్టిగా తేలినదేమిటి, మన ఆర్కాడు సీమ బతుకులకు అది ఎక్కడ తగులుతుంది అన్నది చూడాలని ఈ వ్యాసం.

ఈ సీమ సంగతి ముందు చెప్పుకోవాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తరార్కాడు జిల్లా. ఆ తర్వాత గీత పడింది కానీ మనుషుల రాకపోకలు ఆగలేదు. పలమనేరు, చిత్తూరు నుంచి ఒంట్లో బాగాలేని వాళ్ళు ఇవాళ్టికీ రాయవేలూరుకే, అంటే వేలూరుకే, వస్తారు. గీతకు ఇటు, తమిళనాడు వైపున్న తెలుగు ఇళ్ళలో మగ్గం ఉంది, సేద్యం ఉంది, చిన్న వ్యాపారం ఉంది. గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు. పేర్నాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి వైపు పోతే తోళ్ళు, చెప్పుల ఫ్యాక్టరీలు. ఇవన్నీ ఒంటిని వంచి చేసే పనులు. గుంత మగ్గంలో కూర్చున్న మనిషి రోజంతా కాళ్ళతో తొక్కుతాడు, నడుం ముందుకు వంగే ఉంటుంది. ఒళ్ళో చేట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడమనిషి మెడ గంటల తరబడి ఎత్తదు. వేళ్ళ కణుపులు, భుజాలు, నడుం ఒక్కొక్కటే పట్టేస్తాయి. ఇలాంటి పనిలో నొప్పి ఎప్పుడో వచ్చిపోయే చుట్టం కాదు. పనిచేసినన్నాళ్ళూ ఉంటుంది, పని మానేశాకా ఉంటుంది. కూలి ముక్కల లెక్కన వచ్చే ఇంట్లో ఒక పూట పడుకుంటే ఆ పూట డబ్బు పోతుంది. అందుకే మాత్ర వేసుకొని కూర్చుంటారు. దాన్ని అలవాటు, అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్ళు ఆ లెక్క ఒకసారి వేసి చూడాలి.

బీపీ కూడా ఇక్కడ పెద్దవాళ్ళ జబ్బు, పట్నం జబ్బు అనే దశ దాటిపోయింది. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వాళ్ళు కె.వి.కుప్పం బ్లాకు పల్లెల్లోనూ, వేలూరు పట్నంలోనూ గుండెజబ్బుకు దారితీసే కారణాలను 1991-94 మధ్య ఒకసారి, 2010-12 మధ్య మరోసారి సర్వే చేశారు. ఆ రెండు దశాబ్దాల్లో పల్లె, పట్నం అన్న తేడా లేకుండా బీపీ, షుగరు, బరువు పెరిగాయి. దేశం మొత్తం చూస్తే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 24 శాతానికి, ఆడవాళ్ళలో 21 శాతానికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. నొప్పి ఉన్న సీమలోనే బీపీ కూడా పెరుగుతోందంటే ఒకే ఒంట్లో రెండూ కలిసే ఇళ్ళు ఎన్నో ఉంటాయి.

నొప్పి గురించి ప్రపంచానికి వేలూరు నేర్పిన పాఠం ఒకటుంది. 1946లో ఇక్కడికి వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల చేతులు, కాళ్ళు ఎందుకు అరిగిపోతున్నాయో వెతికాడు. వేళ్ళు రోగం వల్ల వాటంతటవి రాలిపోతున్నాయని అప్పటిదాకా అనుకునేవారు. అసలు కారణం నొప్పి తెలియకపోవడమని ఆయన గుర్తించాడు. కాలుతున్న గిన్నె పట్టుకున్నా, ముల్లు దిగినా తెలియని చెయ్యి తనను తాను కాపాడుకోలేదు. వంకరపోయిన వేళ్ళను సరిచేసే శస్త్రచికిత్స సీఎంసీలో 1948లో మొదలైంది, 1955లో కరిగిరిలో కుష్ఠు పరిశోధన కేంద్రం వెలిసింది. నొప్పి మనిషికి రక్ష అని చెబుతూ ఆయన తర్వాత ఒక పుస్తకమే రాశాడు.

ఆ మాట అప్పుడే తగిలిన దెబ్బకు చెల్లుతుంది. నెలలు, ఏళ్ళు సాగే నొప్పి వేరు. దొంగ వచ్చినప్పుడు మొరిగే కుక్క ఇంటికి మేలు చేస్తుంది. దొంగ పోయి ఏడాదైనా రాత్రంతా మొరుగుతూనే ఉంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మూడు నెలలు దాటి ఉండిపోయిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది ఒంటి మీద చేసే పని అప్పటికప్పుడు వచ్చిన నొప్పి చేసే పనికి భిన్నం.

దెబ్బ తగిలిన క్షణంలో ఏం జరుగుతుందో అందరికీ అనుభవమే. గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఎక్కుతుంది. అడ్రినలిన్ లాంటి రసాయనాలు రక్తంలోకి దూకుతాయి. ఇక్కడ శరీరానికి ఒక చక్కని ఏర్పాటు ఉంది. మెడలోని పెద్ద రక్తనాళాల్లో ఒత్తిడిని కనిపెట్టే నాడుల కొసలుంటాయి. బీపీ పెరగగానే అవి మెదడుకు కబురు పంపుతాయి. మెదడు బీపీని దించడమే కాక నొప్పి తీవ్రతనూ కొంత అణచివేస్తుంది. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళకు నొప్పి కాస్త తక్కువగా తెలుస్తుందని 1980ల నుంచీ ప్రయోగాల్లో కనిపించిన విషయమే. దీర్ఘకాలిక నొప్పిలో ఈ ఏర్పాటు చెడిపోతుంది. బీపీ పెరిగినా నొప్పి తగ్గదు, నొప్పి తగ్గక బీపీ దిగదు. అమెరికాలో స్టీఫెన్ బ్రూల్ బృందం 2005లో ప్రచురించిన పోలికలో నొప్పి వైద్యశాలకు వచ్చేవాళ్ళలో 39 శాతానికి బీపీ జబ్బు ఉంటే, అలాంటి నొప్పి లేకుండా మామూలు వైద్యానికి వచ్చేవాళ్ళలో 21 శాతానికే ఉంది.

ఇంతకంటే పెద్ద లెక్క 2025 నవంబరులో వచ్చింది. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా పెద్దవాళ్ళను పదమూడేళ్ళకు పైగా గమనిస్తే, ఒళ్ళంతా పాకిన దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్ళకు కొత్తగా బీపీ వచ్చే అవకాశం నొప్పి లేనివాళ్ళ కంటే 75 శాతం ఎక్కువగా కనిపించింది. ఒకే చోట ఉన్న దీర్ఘకాలిక నొప్పికి ఈ పెరుగుదల 20 శాతం, కొద్దికాలపు నొప్పికి 10 శాతం. నొప్పే బీపీకి కారణమని ఈ లెక్క ఒక్కటే రుజువు చేయదు. అయితే నొప్పి ఎంత విస్తరిస్తే ముప్పు అంత పెరగడం, మధ్యలో మానసిక కుంగుబాటు కొంత దారి కావడం గమనించదగ్గ సంగతులు. దీనికి నిద్ర చేర్చాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రాత్రి నిద్రలో బీపీ తగ్గుతుంది. నడుం నొప్పితో అటూ ఇటూ పొర్లే మనిషికి ఆ తగ్గుదల సరిగా ఉండదు. మోకాలి నొప్పితో నడక మానేస్తే బరువు పెరుగుతుంది. దిగులు, నిద్రలేమి, కదలిక లేకపోవడం, బరువు — ఈ నాలుగూ బీపీకి దారులే, నాలుగింటినీ తెరిచేది నొప్పి.

కాబట్టి నొప్పిని తగ్గించాలి. ఇందులో వాదం లేదు. దేనితో తగ్గించాలన్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

మన అంగళ్ళలో ఎక్కువగా అమ్ముడుపోయే నొప్పి మాత్రలు డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. అన్నీ ఒక కుటుంబానివి. ఇవి ఎలా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు, అందుకు 1982లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఒంట్లో వాపు, నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారుకాకుండా ఇవి అడ్డుపడతాయి. ఇబ్బంది ఏమిటంటే ఆ రసాయనాలకు నొప్పి పుట్టించడం ఒక్కటే పని కాదు. కడుపు లోపలి పొరను కాపాడతాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను తెరిచి ఉంచుతాయి. ఉప్పునూ నీళ్ళనూ మూత్రంలోకి పంపించడానికి సాయపడతాయి. మాత్ర వేసుకోగానే మోకాలి దగ్గర ఆగిన రసాయనం కిడ్నీ దగ్గరా ఆగిపోతుంది. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి. పాదాలు ఉబ్బుతాయి, బీపీ ఎక్కుతుంది.

ఎంత ఎక్కుతుంది? అందరికీ ఒకేలా ఉండదు. 1990ల్లో అనేక ప్రయోగాలను కలిపి చూసినప్పుడు సగటున 5 పాయింట్ల దాకా తేలింది. ముందే బీపీ ఉండి మందులు వాడేవాళ్ళలో ఎక్కువ, బీపీ లేని కుర్రవాళ్ళలో దాదాపు లేనట్టే. 2017లో వెలువడిన ప్రెసిషన్ పరిశోధనలో కీళ్ళవాతంతోపాటు గుండెజబ్బో, దాని ముప్పో ఉన్నవాళ్ళకు రోజంతా ఒంటికి మిషను కట్టి బీపీ కొలిచారు. నాలుగు నెలల తర్వాత ఐబుప్రొఫెన్ వాడినవాళ్ళకు పై అంకె సగటున 3.7 పాయింట్లు పెరిగింది. నెప్రోక్సెన్‌కు 1.6 పెరిగింది, సెలెకాక్సిబ్‌కు పెరగలేదు. మొదట బీపీ మామూలుగా ఉన్నవాళ్ళలో కొత్తగా బీపీ వచ్చినవాళ్ళు ఐబుప్రొఫెన్ వర్గంలో 23 శాతం, సెలెకాక్సిబ్ వర్గంలో 10 శాతం.

మూడు నాలుగు పాయింట్లకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. 2021లో ప్రపంచమంతటి బీపీ మందుల పరీక్షలను కలిపి లెక్కగట్టినప్పుడు, పై అంకె 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు సుమారు 10 శాతం తగ్గుతున్నాయని తేలింది. సర్కారు లక్షలమందికి మాత్రలు పంచి సంపాదించే లాభం అదే. అందులో పెద్ద వాటాను చీటీ లేని ఒక మాత్ర తినేస్తుంటే చూస్తూ ఊరుకోవడం న్యాయం కాదు.

మాత్రల్లో తేడాలున్న మాట నిజమే గానీ సెలెకాక్సిబ్ లాంటివి నిరపాయమని ఎవరూ అనుకోకూడదు. అదే జాతికి చెందిన రోఫెకాక్సిబ్ 1999లో గొప్పగా అంగట్లోకి వచ్చి, గుండెపోట్లు, పక్షవాతాలు పెరుగుతున్నాయని తేలాక 2004 సెప్టెంబరు 30న ప్రపంచమంతటా వెనక్కి పోయింది. మనవాళ్ళు విరివిగా వాడే డైక్లోఫెనాక్‌ను గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళకు ఇవ్వకూడదని యూరప్ మందుల సంస్థ 2013లో చెప్పింది. ఇదే డైక్లోఫెనాక్ పశువులకు వేస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి లక్షల్లో చచ్చిపోయాయి. 2006లో మన దేశం పశువులకు దాన్ని నిషేధించింది. రాబందు ఒళ్ళు వేరు, మనిషి ఒళ్ళు వేరు. మందు కిడ్నీని పట్టుకుంటుందన్న సంగతికి మాత్రం అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

బీపీ మాత్రతో ఈ మాత్ర కలిసినప్పుడు జరిగేది ఇంకా ముఖ్యం. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ లాంటి మందులు, మూత్రం ఎక్కువగా పోయించే మందులు, అటెనొలాల్ వర్గం — వీటన్నిటి బలాన్నీ నొప్పి మాత్ర తగ్గిస్తుంది. ఆమ్లోడిపిన్ మీద దాని ప్రభావం తక్కువ. కిడ్నీకి పెద్ద ప్రమాదం మూడు కలిసినప్పుడు: టెల్మిసార్టన్ లాంటిది ఒకటి, మూత్రం పోయించేది ఒకటి, పైన నొప్పి మాత్ర. మొదటి రెండూ ఒకే మాత్రలో కలిపి మన దగ్గర విస్తారంగా అమ్ముతారు కాబట్టి, వేసుకునే మనిషికి తాను మూడు మందులు మింగుతున్నానన్న సంగతే తెలియదు. ఎండాకాలం వేలూరు ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలక, లేదా వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఈ మూడూ కలిస్తే కిడ్నీ రోజుల్లోనే దెబ్బతినవచ్చు. వయసు మళ్ళినవాళ్ళకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

చికున్‌గున్యా కాలాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2005 చివర్లో రాయలసీమ జిల్లాల్లో మొదలై 2006లో తమిళనాడంతా పాకిన ఆ జ్వరం వచ్చిపోయాక కీళ్ళ నొప్పులు నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి. దేశం మొత్తం మీద పదమూడు లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకొచ్చిన ఏడాది అది. మన పల్లెల్లో నొప్పి మాత్ర రోజువారీ సరుకుగా మారడానికి ఆ ఏడాది పెద్ద మలుపని నా అభిప్రాయం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలమంది కిడ్నీలు చెడిపోవడానికి నొప్పి మాత్రలు కూడా ఒక కారణమా అని చాలాకాలంగా వెతుకుతున్నారు. అక్కడ ఏ ఒక్క కారణమూ రుజువు కాలేదు కాబట్టి ఆ నింద ఈ మాత్రల మీద మోపడం తగదు. కిడ్నీ ముందే దెబ్బతిన్న మనిషికి ఈ మాత్ర మరింత చేటన్నది మాత్రం రుజువైన మాట.

మరి పారాసిటమాల్? డైక్లోఫెనాక్ వద్దు, డోలో వేసుకో అనడం డాక్టర్లలోనూ వాడుకే. బీపీ విషయంలో పారాసిటమాల్ పూర్తిగా నిరపాయమని చాలాకాలం నమ్మారు. 2022లో ఎడిన్‌బరో వాళ్ళు బీపీ ఉన్న 110 మందికి రెండు వారాలు రోజూ 4 గ్రాముల పారాసిటమాల్ ఇచ్చి, మరో రెండు వారాలు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి పోల్చారు. పారాసిటమాల్ మీద ఉన్నప్పుడు పై అంకె దాదాపు 5 పాయింట్లు ఎక్కువగా ఉంది. రోజుకు 4 గ్రాములంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, నిండు మోతాదు. జ్వరానికి రెండు రోజులు వేసుకున్నవాళ్ళు దీనికి భయపడనక్కరలేదు. నెలల తరబడి రోజూ నిండుగా వేసుకునేవాళ్ళు మాత్రం బీపీ చూపించుకుంటూ ఉండాలి. నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగి కరిగే మాత్రల సంగతి వేరు. ఒక్కొక్కదానిలో సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అంటే ఒక గ్రాము ఉప్పు తిన్నట్టు. రోజుకు మొత్తం 5 గ్రాముల ఉప్పు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఊరగాయ మానేసి ఈ మాత్రలు వేసుకుంటే ఏం లాభం?

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది స్టెరాయిడ్. పల్లెలో "ఒక సూది వేస్తే పొద్దున్నే లేచి పనికి పోవచ్చు" అన్న పేరు తెచ్చుకున్న వైద్యం వెనక తరచు ఉండేది డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి మందే. వాటితో ప్రాణాలు నిలుస్తాయి. ఉబ్బసంలో, కీళ్ళవాతంలో, కుష్ఠు రోగంలో నరాలు వాచినప్పుడు అవి లేక గడవదు. కానీ డాక్టరు అదుపు లేకుండా నెలల తరబడి వాడితే ఒంట్లో ఉప్పు నిలుస్తుంది, బీపీ, షుగరు ఎక్కుతాయి, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఎముకలు బలహీనపడతాయి. చివరికి నడుం ఎముక నలిగి కొత్త నొప్పి పుడుతుంది. అలాగని ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే, బీపీ కిందికి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పేరు లేని పొడులు, లేహ్యాల్లో ఈ మందులు దొంగచాటుగా కలిపే మోసం ఒక్క మన దేశానిదే కాదు. కీళ్ళ నొప్పికి వనమూలికల మాత్రలని అమ్ముతున్న ఆర్ట్రి కింగ్ లాంటి సరుకులో డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ ఉన్నాయని అమెరికా మందుల సంస్థ 2022లో హెచ్చరించింది. మూలికల మందు మూడు రోజుల్లో అద్భుతంగా నొప్పి తీసేసిందంటే సంతోషం కంటే ముందు అనుమానం రావాలి.

మూలికల్లో నిజంగానే బీపీ పెంచేది ఒకటుంది. నాటు మందుల అంగట్లో దొరికే అతిమధురం. దగ్గుకు, గొంతుకు మనం చిన్నప్పటి నుంచీ చప్పరించిందే. అందులోని గ్లిసరైజిన్ అనే పదార్థం కిడ్నీలో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. దానితో ఒంటి సొంత స్టెరాయిడ్ అదుపు తప్పి ఉప్పును పట్టి ఉంచుతుంది, పొటాషియం పోతుంది. ఎప్పుడో ఒక ముక్క చప్పరిస్తే ఏమీ కాదు. బీపీ ఉన్నవాళ్ళు రోజూ కషాయంగానో పొడిగానో తీసుకోవడం మంచిది కాదు.

మిగిలిన మందుల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ విడగొట్టే ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ రక్తనాళాలను బిగిస్తాయి. తలనొప్పికి అంగట్లో అడిగి తెచ్చుకునే ఎర్గోటమిన్ మాత్రలదీ అదే పని. బీపీ అదుపులో లేనివాళ్ళు వాటిని ముట్టకూడదు. గర్భనిరోధక మాత్రలు కొందరు ఆడవాళ్ళలో బీపీ పెంచుతాయి. నరాల నొప్పికీ దిగులుకూ ఇచ్చే డులోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ కొద్దిగా పెంచవచ్చు. 1971లో దేశంలో మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగింది ఈ వేలూరు సీఎంసీలోనే. కొత్త కిడ్నీని కాపాడటానికి వాడే సైక్లోస్పోరిన్ కూడా బీపీ పెంచే మందే. మరోవైపు బీపీని కిందికి లాగే నొప్పి మందులున్నాయి. కండరాలు సడలించే టిజానిడిన్, నరాల నొప్పికి రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్ అలాంటివి. తెల్లవారుజామున మంచం మీద నుంచి గభాలున లేచిన పెద్దాయనకు కళ్ళు తిరిగి, పడి, తుంటి ఎముక విరగడం వెనక ఈ మాత్ర ఉండవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఇలా పడితే వయసు మీద నెట్టేసి ఊరుకోకండి, ఏం మాత్రలు వేసుకున్నారో చూడండి.

ఇప్పుడు ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకొని దానికి ఇంకో మందు రాయడం. ఒక నేతగాడిని ఊహించుకోండి. మోకాలికి రోజూ ఏసిక్లోఫెనాక్ వేసుకుంటాడు. బీపీ ఎక్కుతుంది. నొప్పి మాత్ర సంగతి ఎవరూ అడగరు, ఆమ్లోడిపిన్ రాస్తారు. దానికి కొందరికి పాదాలు ఉబ్బుతాయి. ఉబ్బుకు మూత్రం పోయించే మాత్ర వస్తుంది. అది రక్తంలో యూరిక్ యాసిడ్ పెంచుతుంది, కాలి బొటనవేలు వాచి మంటపుడుతుంది. ఆ నొప్పికి మళ్ళీ అంగడికి పోతాడు. ఒక్క మాత్రతో మొదలైన మనిషి నాలుగు మాత్రల దాకా వచ్చాడు, ప్రతి మెట్టు దగ్గరా ఇచ్చినవాళ్ళు మంచి మనసుతోనే ఇచ్చారు. ఇది కేవలం ఊహ కాదని 1994లోనే లెక్క వచ్చింది: అమెరికాలో ఈ జాతి నొప్పి మాత్రలు వాడే పెద్దవాళ్ళకు కొత్తగా బీపీ మందు మొదలుపెట్టవలసి రావడం, వాడనివాళ్ళతో పోలిస్తే దాదాపు 1.7 రెట్లు. బీపీ మందు పెంచే ముందు డాక్టరు అడగవలసిన మొదటి ప్రశ్న "నొప్పికి ఏం వేసుకుంటున్నారు?" అన్నదే. రోగి నోరు విప్పకపోతే అంగడి పేరు అడిగైనా తెలుసుకోవాలి.

ఇక ఏం చేయవచ్చు? మోకాలు, చేతి కణుపుల నొప్పికి పైపూత డైక్లోఫెనాక్ జెల్ మంచి దారి. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరే మందు సుమారు 6 శాతం. మాత్ర తప్పనిసరైతే తక్కువ మోతాదు, తక్కువ రోజులు, డాక్టరుకు చెప్పి, మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో బీపీ చూపించుకొని వాడాలి. బీపీ కొలిపించుకునే ముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి. నొప్పితో కాలు ఈడ్చుకుంటూ వచ్చి, బస్సు దిగిన వెంటనే కొలిపించుకున్న అంకెను పట్టుకొని మందు మార్చకూడదు. ఇక్కడ ఒక హెచ్చరిక. గుండెకు స్టెంటు వేశాక రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ కూడా నొప్పి మాత్రల కుటుంబానిదే, అయినా ఆ కొద్ది మోతాదు బీపీ పెంచదు. ఈ వ్యాసం చదివి దాన్ని ఎవరూ మానుకోకండి. పైగా దానితో పాటు ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పని పాడవుతుంది. బీపీ మాత్రలనూ మీ అంతట మీరు ఆపవద్దు.

నొప్పినీ బీపీనీ రెండింటినీ తగ్గించే వైద్యం ఒకటుంది, అదే కదలిక. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది, నడక పెరిగితే బీపీ దిగుతుంది. మగ్గం గుంతలో కూర్చునే తీరు, చేట పెట్టుకునే ఎత్తు మార్చినా నడుం, మెడ తేరుకుంటాయి. దీనికి నేర్పే మనిషి కావాలి, ఆ మనుషులను తయారుచేసిన ఊరు ఇది. 1954లో ప్రమాదంలో వెన్ను దెబ్బతిని చక్రాల కుర్చీలో కూర్చొనే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ వేలూరులో పునరావాస వైద్య విభాగాన్ని నడిపింది, 1966లో ఇక్కడ పునరావాస కేంద్రం తెరిచారు. దేశానికి దారి చూపిన ఆ వైద్యం పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోని మగ్గం ఇంటికి ఇంకా సరిగా చేరలేదు.

చేరే మార్గం ఇప్పుడుంది. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి బీపీ చూసి మాత్రలు ఇస్తారు. అదే పథకంలో ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు కూడా ఉన్నారు. మంచం పట్టినవాళ్ళకే ఆ సేవ అన్నట్టు కాకుండా, బీపీ ఉండి నొప్పి మాత్ర వాడుతున్న ప్రతి మనిషికీ దాన్ని అందించాలి. బీపీ నమోదు చేసే చోటే నొప్పి మాత్రల పేర్లు కూడా రాసేలా ఆదేశం ఇవ్వాలి. డైక్లోఫెనాక్ లాంటివి చట్టప్రకారం డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందులు; ఆ నియమాన్ని అంగళ్ళు పాటించేలా మందుల తనిఖీ అధికారులు చూడాలి. బీడీ, మగ్గం, తోలు పనివాళ్ళ సంఘాలు కూలి రేటుతో పాటు దీన్నీ అడగాలి. వేలూరు జిల్లాలో ఇది మొదలుపెట్టడానికి కొత్తగా కట్టవలసిన ఆసుపత్రి ఏదీ లేదు, కావలసిన వైద్యులూ కార్యకర్తలూ ఇక్కడే ఉన్నారు.